ఇల్లు ఎవరిదని అడగని మనుషులు

ప్రతి సంవత్సరం ఏప్రిల్ 14 నుంచి 20 వరకు దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. సిబ్బంది పాఠశాలలకూ, కూడళ్లకూ వచ్చి మంటలార్పే పద్ధతులను చూపిస్తారు. పిల్లలు నీటి ధారను చూసి కేరింతలు కొడతారు. పెద్దలు కాసేపు నిలబడి తమ పని మీద వెళ్లిపోతారు. ఆ తేదీ వెనుకనున్న విషాదం మాత్రం కొద్దిమందికే తెలుసు.

1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ‘ఫోర్ట్ స్టికిన్’ అనే ఓడ లంగరు వేసి ఉంది. అందులో వేలాది పత్తి బేళ్లతోపాటు దాదాపు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు ఉన్నాయి. మధ్యాహ్నం పత్తి నుంచి పొగ లేచింది. అగ్నిమాపక సిబ్బంది వచ్చి గంటల తరబడి నీళ్లు కొట్టారు. సాయంత్రం నాలుగు దాటగానే ఓడ పేలిపోయింది. వందలాది ప్రజలతోపాటు 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వారోత్సవాలు వారి స్మృతిలోనే మొదలయ్యాయి.

పత్తి పేరు వినగానే భైంసా వాసులకు తమ జిన్నింగ్ మిల్లులు గుర్తుకు రాక మానవు. హైదరాబాదు, సికింద్రాబాదు ఫైర్ స్టేషన్లలో చాలాకాలం పనిచేసి, ఉద్యోగ విరమణ తర్వాత మన ప్రాంతానికి తిరిగివచ్చిన కొందరు పెద్దలతో మేము కూర్చున్నప్పుడు మాట అక్కడి నుంచే మొదలైంది. తమ పేర్లు వేయవద్దని వారు కోరారు. “పత్తి మంట దొంగ మంట. పైన ఆరినట్టు కనిపిస్తుంది, బేలు లోపల రాజుకుంటూనే ఉంటుంది. బేలు విప్పి, లోపలి దాకా తడిపితే తప్ప నమ్మకూడదు” అని ఒక పెద్దాయన చెప్పారు. మిల్లులో పనిచేసే ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవలసిన మాట ఇది.

నగరపు స్టేషన్ గురించి అడిగితే వారి ముఖాలు వెలిగాయి. మంటల సంగతి తర్వాత, ముందుగా బండి సంగతి చెప్పారు. డ్యూటీ ఎక్కగానే మొదటి పని బండిని చూసుకోవడమే. ట్యాంకులో నీళ్లు నిండుగా ఉన్నాయా, పంపు నడుస్తోందా, నిచ్చెన తన చోట ఉందా అని చూశాకే టీ తాగేవారట. వాడిన కాన్వాస్ గొట్టాలను కడిగి, ఎత్తున వేలాడదీసి ఆరబెట్టేవారు. తడిగా చుట్టిపెడితే కుళ్లిపోయి, కావలసిన వేళ పగిలిపోతాయి. మామూలు నీళ్లబండిలో పట్టేది సుమారు 4,500 లీటర్లు. ధార పూర్తిగా వదిలితే అది నిమిషాలలోనే ఖాళీ అవుతుంది. కాబట్టి మంట ముందు నిలబడిన మనిషికి, తర్వాతి నీళ్లు ఎక్కడ దొరుకుతాయన్న ఆలోచన కూడా ఉండాలి.

పడుకునే వేళ ప్యాంటు కాళ్లు బూట్లలోనే దోపి మంచం పక్కన ఉంచుకునేవారు. గంట మోగితే ఒక్క అడుగులో తొడుక్కుని బండి ఎక్కడానికి. లీడింగ్ ఫైర్‌మన్, డ్రైవర్ ఆపరేటర్, ఫైర్‌మన్లు అందరిదీ ఒకే వంట, ఒకే కప్పు. “రంజాన్‌లో మేము ఇఫ్తార్‌కు కూర్చుంటే హిందూ సోదరులు ఫోను దగ్గర కాపలా ఉండేవారు. అయినా ఎన్నో సాయంత్రాలు ఖర్జూరం నోట్లో ఉండగానే గంట మోగింది. దీపావళి రాత్రి మాత్రం ఎవరికీ సెలవు లేదు, ఎవరూ కూర్చునేది లేదు” అని మరొకరు నవ్వుతూ గుర్తుచేసుకున్నారు. పొగ నిండిన గదిలోకి వెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లకూడదన్నది నియమం. ముందు నడిచేవారి ప్రాణం వెనుక గొట్టం పట్టుకున్నవారి చేతిలో ఉంటుంది. ఆ చేయి ఏ మతానిదన్న ప్రశ్న తమలో ఎవరికీ ఏనాడూ రాలేదని వారన్నారు.

చేరుకోలేకపోయిన వారి గురించి చెప్పేటప్పుడు మాత్రం వారి గొంతులు తగ్గాయి. 2025 మే 18 తెల్లవారుజామున చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్ వద్ద ఒక హిందూ కుటుంబం నివసించే భవనంలో అగ్నిప్రమాదం జరిగింది. ఎనిమిది మంది పిల్లలతో సహా 17 మంది మరణించారు. దారి ఇరుకు, మెట్లు ఇరుకు, లోపలంతా పొగ. అగ్నిమాపక బండ్లు రాకమునుపే చుట్టుపక్కలి ముస్లిం యువకులు షట్టరు పగులగొట్టి లోపలికి వెళ్లేందుకు శాయశక్తులా ప్రయత్నించారు. ఆ యువకులెవరూ శిక్షణ పొందినవారు కారు. అయినా ఇల్లు ఎవరిదని అడగలేదు.

ఈ మాట భైంసాలో రాయడానికి మాకు కారణముంది. 2008 అక్టోబరులోనూ, 2020 జనవరిలోనూ, 2021 మార్చిలోనూ ఈ పట్టణం, దీని పరిసరాలు అల్లర్లను చూశాయి. ఇళ్లు కాలాయి, బతుకుతెరువులు బూడిదయ్యాయి. ప్రమాదవశాత్తు రేగిన మంటకూ, మనిషి పెట్టిన మంటకూ ఎంత దూరమో ఈ ఊరికి ఒకరు చెప్పనక్కరలేదు. అగ్నితో శిక్షించే అధికారం అగ్ని ప్రభువుకు తప్ప మరెవరికీ లేదని దైవప్రవక్త (స) బోధించారు. ఆ బోధను నమ్మే ఇంటి నుంచి నిప్పు బయటికి పోరాదు, నీళ్లు మాత్రమే పోవాలి. మన ఇల్లు కాలిన బాధ తెలిసినవారమే పక్కింటి మంట దగ్గరికి ముందుగా పరుగెత్తాలి.

మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు మనుషులతో సహా కాలిపోయినప్పుడు, నిద్రపోయే ముందు నిప్పును ఆర్పివేయమని ప్రవక్త (స) ఆదేశించిన సంగతి హదీసులలో ఉంది. నేటి ఇంట్లో ఆ ఆదేశం గ్యాస్ రెగ్యులేటరుకు వర్తిస్తుంది. మేము కలిసిన పెద్దలు గృహిణులకు చెప్పమన్న మాటలు ఇవి: రాత్రి రెగ్యులేటరు కట్టేయండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్ ముట్టుకోకండి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి. బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి, పొయ్యి కట్టేసి మూత పెట్టండి. పొగలో నిలబడకండి, నేలకు ఆనుకుని పాకుతూ బయటపడండి. కాలిన చోట పసుపు, టూత్‌పేస్టు రాయకుండా, ధారగా పడే చల్లని నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచి వైద్యుని వద్దకు వెళ్లండి. మంట రేగితే వెంటనే 101కు చెప్పండి. వీధి పేరుతోపాటు గుర్తుగా మసీదో, గుడో, బడో చెప్పండి.

చివరగా వారు కోరినది ఒక్కటే. సైరన్ వినబడితే దారి ఇవ్వండి, మా గల్లీ ముందు, మీ గల్లీ తర్వాత అని బండిని ఆపకండి. “ఆలస్యమైన ఒక్క నిమిషం మాకు ఇప్పటికీ నిద్రలో వస్తుంది” అని అందరిలోకి పెద్దాయన అన్నారు. ఆ వయోవృద్ధులకు అల్లాహ్ ఆరోగ్యాన్ని ప్రసాదించాలనీ, ఈ రాత్రి ఎక్కడో మంచం పక్కన బూట్లు పెట్టుకుని పడుకున్న యువకులు క్షేమంగా తమ ఇళ్లకు చేరాలనీ మేము దుఆ చేస్తున్నాము.