పేరు మఱచిన దాంపత్యము

క్రొత్త దంపతులు తొలిసారి యింట అడుగిడునపుడు ఆడపడుచులు వాకిట అడ్డు నిలిచి, వారిచే ఒకరి పేరొకరు చెప్పించు వేడుక తెలుగువారిలో కలదు. నాడు సిగ్గుతో పలికిన ఆ పేరు ఏబది యేండ్ల కాపురము పిమ్మట నోటికి రాకపోయినచో, ఎదుటివారి ముఖమే గుర్తుకు రాకపోయినచో, ఆ దాంపత్యమేమగును? డెమెన్షియా అను వ్యాధి వృద్ధదంపతుల ముందుంచు ప్రశ్న యిదియే.

ఇది కేవలము వార్ధక్యపు మతిమఱపు కాదు. చారులో ఉప్పు వేసితినో లేదో యని సందేహించుట వయోధర్మము. జీవితమంతయు కాచిన చారు కాచు క్రమమే తోపకపోవుట వ్యాధిలక్షణము. 2023లో ప్రకటితమైన యొక జాతీయ పరిశోధన అంచనా ప్రకారము మన దేశమున 60 ఏండ్లు పైబడినవారిలో నూటికి 7.4 వంతున, అనగా సుమారు 88 లక్షలమంది దీనికి లోనైయున్నారు. దీని రూపములలో ఎక్కువగా కనబడునది ఆల్జీమర్ వ్యాధి.

ఆ వ్యాధి చరిత్ర కూడ ఒక దాంపత్యముతోనే ముడిపడియున్నది. 1901లో జర్మనీయందలి ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు ఆసుపత్రిలో ఆగస్టె డేటర్ అను 51 ఏండ్ల గృహిణి చేర్పబడెను. భర్తపై అకారణమైన అనుమానము ఆమెయందు తొలుత కనబడిన మార్పులలో నొకటి. ఆలోయిస్ ఆల్జీమర్ అను వైద్యుడు పేరడుగగా ఆమె తన పేరు చెప్పెను. భర్త పేరడిగినను తన పేరే చెప్పెను. 1906లో ఆమె మరణానంతరము ఆయన ఆమె మెదడును పరీక్షించి, ఆ యేడే వ్యాధి స్వరూపమును వైద్యులకు వివరించెను.

ఆ అనుమానమే నేటికిని పెక్కు కాపురములకు తొలిపరీక్ష. “నా నగలు నీవే దాచితివి,” “నీవెవరు,” “నన్ను మా యింటికి పంపుము” అను మాటలు జీవితసహచరుల నోట వినుట సామాన్య దుఃఖము కాదు. అవి ద్వేషమువలన పుట్టినవి కావు; వస్తువును పెట్టిన చోటు మఱచిన మనస్సు ఆ వెలితిని తోచిన కథతో పూరించుకొనుచున్నది. వాదించి నిరూపింపబూనుట వ్యర్థము. భయము తీర్చి, తోడుగా వెదకి, మెల్లగా మాట మరలించుట మేలు.

పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారి విషయమున భాష మఱియొక ముఖ్యాంశము. హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో 648 మంది రోగులపై జరిగి, 2013లో ప్రకటితమైన పరిశీలనలో, రెండు భాషలు మాట్లాడువారికి వ్యాధి నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా ఆరంభమైనట్లు తేలినది. చదువురానివారిలోను ఈ భేదము కనబడినది. అయితే వ్యాధి ముదిరిన పిమ్మట, ఎవరితో ఏ భాష మాట్లాడవలెనో తెలియని తికమక కలుగవచ్చును. చాలమందిలో పిదప నేర్చిన భాష ముందుగా సడలి, బాల్యపు భాష నిలుచును. హోసూరులో తమిళమున, బరంపురములో ఒడియాలో, షోలాపురములో మరాఠీలో బ్రతుకు సాగించిన వృద్ధుడు తుదకు తెలుగే పలుకవచ్చును. మనుమలకు తెలుగు రానిచో ఆ యింట ఆయన మాట తెలిసినది భార్య యొక్కతెయే. వైద్యుడు అన్యభాషలో జ్ఞాపకశక్తిని పరీక్షించినచో ఫలితము తప్పుదారి పట్టవచ్చును. ఇంటి భాష తెలుగని ముందుగా చెప్పవలెను.

ఈ వ్యాధిని పూర్తిగా మాన్పు మందు లేదు. కాని బి12 విటమిన్ లోపము, థైరాయిడ్ లోపము, మనోవ్యాకులత కూడ ఇట్టి లక్షణములనే చూపి, చికిత్సకు లొంగును. కావున పరీక్ష తప్పనిసరి. దినచర్య మార్పులేక సాగవలెను. చిన్న చిన్న తెలుగు వాక్యములు, పరిచితమైన పాటలు, చేతి స్పర్శ శాంతినిచ్చును. పేరు మఱచినవారు సైతము ప్రేమతో పలికిన కంఠస్వరమునకు ఊరట చెందుట కలదు.

అన్నింటికంటె ముఖ్యము, సేవచేయువారి విశ్రాంతి. రాత్రులు నిద్రలేని భార్యను “పతివ్రత” యని పొగడి ఊరకుండుట సాయము కాదు. భర్త సేవచేయుచున్నచో ఆయనకును అంతే. వారమునకొక పూటయైనను బంధువులు వంతులవారీగా కూర్చుండవలెను. వృద్ధుల సహాయమునకు 14567 అను జాతీయ దూరవాణి సంఖ్య కలదు. నాడు వాకిట నిలిచి పేర్లు చెప్పించిన బంధుజనము, ఆ పేరు మఱపునకు వచ్చిన నాడు మరల ఆ వాకిటికి రావలసియున్నది.