మెమరీ నిండితే భయమెందుకు?

కంప్యూటర్ మొరాయించగానే చాలామంది మెమరీ ఎంత శాతం నిండిందో చూస్తారు. 90 కనబడితే కంగారుపడి, తెరిచినవన్నీ మూసేస్తారు. ఆ ఒక్క అంకెతో జబ్బు తేల్చడం తొందరపాటు. ఖాళీగా పడి ఉన్న ర్యామ్ ఎవరికీ అక్కరకు రాదు. అందుకే లినక్స్ ఒకసారి డిస్కు నుంచి చదివిన ఫైళ్లను మళ్లీ పనికొస్తాయని ర్యామ్‌లోనే ఉంచుతుంది, ప్రోగ్రాములు చోటడిగితే చాలావరకు వెంటనే వదిలేస్తుంది. 'ఫ్రీ' ఆదేశం చూపే పట్టికలో 'ఫ్రీ' గడి కన్నా 'అవైలబుల్' గడిని నమ్మాలని చెప్పేది ఇందుకే.

అసలు చూడాల్సింది ర్యామ్‌కూ డిస్కుకూ మధ్య పేజీల, అంటే సమాచారపు ముక్కల, రాకపోకలు. ఇలా పేజీలను అటూ ఇటూ మార్చే పద్ధతి 1962లో మాంచెస్టర్‌లో టామ్ కిల్బర్న్ బృందం నడిపిన అట్లాస్ కంప్యూటర్‌తో మొదలైంది. వేగంగా పనిచేసే కోర్ మెమరీ ఖరీదైనది, కొంచెమే ఉండేది. పెద్ద నిల్వ అంతా తిరిగే డ్రమ్ము మీద. సమాచారాన్ని 512 పదాల పేజీలుగా విడగొట్టి, ఏ పేజీ ఎప్పుడు ఎక్కడుండాలో యంత్రమే చూసుకునేలా చేశారు. ప్రోగ్రామరుకు మాత్రం అంతా ఒకే మెమరీగా కనిపించేది. ఎంత గొప్ప ఊహ! ఇప్పటి కంప్యూటర్లలో సాధారణంగా పేజీ అంటే 4,096 బైట్లు. కావలసిన పేజీ ర్యామ్‌లో లేకపోతే 'మేజర్ పేజ్ ఫాల్ట్' పుడుతుంది. డిస్కు నుంచి అది వచ్చేదాకా ప్రోగ్రాము ఆగాల్సిందే.

ఆ ఆగడం ఎంతసేపు? ర్యామ్ నుంచి సమాచారం రావడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. దాన్ని ఒక సెకను అనుకుంటే, ఎస్ఎస్‌డీ నుంచి రావడానికి పావుగంట దాటుతుంది. పాత తిరిగే హార్డ్ డిస్కు అయితే ఒక రోజు పైనే.

అప్పుడప్పుడూ ఇలా జరిగితే నష్టం లేదు. అన్ని ప్రోగ్రాములకూ నిత్యం కావలసిన పేజీలు కలిపి ర్యామ్‌లో పట్టనప్పుడే ప్రమాదం. ఒకదాని కోసం తెచ్చిన పేజీ మరోదాని పేజీని బయటికి నెడుతుంది, మరుక్షణమే అదీ కావలసి వస్తుంది. డిస్కు ఊపిరి సలపకుండా పనిచేస్తుంది, ప్రాసెసర్ మాత్రం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. దీన్నే థ్రాషింగ్ అంటారు. ఒక ప్రోగ్రాము కొద్ది కాలంలో వాడే పేజీల సమూహాన్ని 'వర్కింగ్ సెట్' అని పిలిచి, దానికి చోటుంటేనే ప్రోగ్రామును నడపాలని పీటర్ డెనింగ్ 1968లో ప్రతిపాదించారు.

లినక్స్‌లో 'విఎంస్టాట్ 1' అని ఇస్తే సెకనుకో వరుస వస్తుంది. మొదటి వరుస యంత్రం మొదలైనప్పటి నుంచి సగటు, దాన్ని వదిలేయాలి. తర్వాతి వరుసల్లో 'ఎస్ఐ', 'ఎస్ఓ' గడులు స్వాప్ నుంచి, అంటే ర్యామ్‌లో పట్టని పేజీలను దాచే డిస్కు భాగం నుంచి, వచ్చేవాటినీ అక్కడికి పోయేవాటినీ చూపుతాయి. అవి రెండూ ఆగకుండా పెద్ద అంకెలు చూపుతుంటే ర్యామ్ చాలడం లేదన్నమాట. స్వాప్ కొంత నిండినా, రాకపోకలు సున్నా అయితే చింత లేదు. విండోస్ రిసోర్స్ మానిటర్‌లోని 'హార్డ్ ఫాల్ట్స్' కూడా ఇలాంటిదే, అయితే ప్రోగ్రాము తెరిచేటప్పుడు అది కాసేపు ఎగబాకడం సహజం.

నాకు అన్నిటికన్నా నచ్చింది 2018లో లినక్స్ 4.20లో చేరిన 'ప్రెషర్ స్టాల్' కొలత. మెమరీ కోసం పనులు ఆగిపోయిన సమయం ఎంత శాతమో 10, 60, 300 సెకన్ల సగటులుగా చూపుతుంది. అందులో 'ఫుల్' అన్న వరుస, పని ఉన్న ప్రక్రియలన్నీ ఒకేసారి ఆగిపోయిన సమయం. అది సున్నా దగ్గరే ఉన్నంతకాలం మెమరీ 95 శాతం నిండినా కొత్త ర్యామ్ కొనక్కర్లేదు.