ఒక్కసారికి ఎంత బరువు?

పద్ధతి చెడకుండా ఒకే ఒక్కసారి ఎత్తగలిగే అత్యధిక బరువును వ్యాయామశాస్త్రం మనిషి గరిష్ఠ బలానికి కొలతగా తీసుకుంటుంది; జిమ్ముల్లో దీన్నే వన్ రెప్ మ్యాక్స్ అంటారు. దీన్ని నేరుగా పరీక్షించబోతే వెన్నుకూ భుజాలకూ దెబ్బ తగిలే ప్రమాదం ఉన్నందున, రోజువారీ సాధనలో ఆగకుండా వరుసగా ఎత్తిన సార్లను బట్టి, అంటే ఒక సెట్టును బట్టి, ఆ బరువును అంచనా కట్టే సూత్రాలు వచ్చాయి.

అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో క్రీడాకారులకు బలసాధన నేర్పిన బాయిడ్ ఎప్లీ 1985లో ఇచ్చిన సూత్రం ప్రకారం, ఎత్తిన సార్లను 30తో భాగించి, దానికి 1 కలిపి, వచ్చిన సంఖ్యతో బరువును గుణించాలి. 1993లో మ్యాట్ బ్రిజికీ ఇచ్చిన సూత్రంలోనైతే బరువును 36తో గుణించి, 37లోంచి ఎత్తిన సార్లను తీసివేయగా మిగిలిన సంఖ్యతో భాగించాలి. 60 కిలోలను 5 సార్లు ఎత్తినవారి గరిష్ఠం మొదటి లెక్కలో 70 కిలోలు, రెండవ దానిలో 67.5, 10 సార్లు ఎత్తితే రెండు లెక్కలూ 80 దగ్గర కలుస్తాయి, 20 సార్లు ఎత్తితే మాత్రం ఒకటి 100 అంటుంది, మరొకటి 127 అంటుంది.

సార్లు పెరిగేకొద్దీ ఎత్తేది బలం ఒక్కటే కాదు, దమ్ము కూడా కావడమే ఈ తేడాకు మూలం. పాలకుర్తి వైపు వడ్ల కొనుగోలు కేంద్రాల్లో 40 కిలోల బస్తాలను పొద్దంతా లారీకెత్తే హమాలీల సామర్థ్యం అసాధారణమైనదే అయినా, వారు మోసిన బస్తాల లెక్కను బట్టి ఒక్కసారికి ఎంత ఎత్తగలరో ఏ సూత్రమూ చెప్పలేదు. అంతేకాక, ఇంకొక్కసారి ఎత్తలేని స్థితి దాకా చేసిన సెట్టుకే ఈ లెక్క వర్తిస్తుంది. ఓపిక మిగిలి ఉండగానే ఆపేస్తే అంచనా అసలు బలం కంటే తగ్గిపోతుంది.

నెమ్మదిగా సాగే స్క్వాట్, బెంచ్‌ప్రెస్ వంటివాటికి సరిపోయే ఈ సూత్రాలు, వేగమూ ఒడుపూ ముఖ్యమైన పోటీ ఎత్తులకు చాలవు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా నిలిచింది. ఆమె చివరి ప్రయత్నానికి కోరిన బరువు 137.5 కిలోలు, అది నిలిచి ఉంటే మొత్తం 247.5 అయ్యేది, స్వర్ణ రజతాలు గెలిచినవారు ఇద్దరూ ఎత్తింది 242.5 మాత్రమే. 130 నుంచి 137.5కు ఉన్న ఆ 7.5 కిలోల అంతరాన్ని దాటగలదో లేదో వేదిక మీద తేలవలసిందే తప్ప, కాగితం మీద తేలేది కాదు.

అందువల్ల కొత్తగా బరువులు పట్టే యువతీయువకులు ముందు పద్ధతిని స్థిరపరచుకుని, ఆపైన 3 నుంచి 6 సార్లకు మించి ఎత్తలేని బరువుతో, పక్కన తోడు మనిషి ఉండగా చేసిన సెట్టునుంచే ఈ లెక్క కట్టాలి. వచ్చిన అంకె సాధనకు బరువు ఎంచుకోవడానికే గాని, ఆ బరువును ఆ రోజే ఎత్తి చూడడానికి కాదు.