కోడ్ తీసుకో, పేరు ఉంచు

సంక్రాంతి దాటిందంటే నరసరావుపేటలో రెండు హడావుళ్లు మొదలవుతాయి. ఒకటి కోటప్పకొండ ప్రభలది, రెండోది బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టులది. ప్రభ కట్టాలంటే ఊరంతా తలా ఓ చెయ్యి వెయ్యాలి. ప్రాజెక్టుకు ఒక్క రాత్రి, ఒక గిట్‌హబ్ లింకు చాలు.

మొన్న మా అక్క కొడుకు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. ముఖం గుర్తుపట్టి హాజరు వేసే ప్రాజెక్టట. బ్రహ్మాండంగా పనిచేస్తోంది. చెయ్యదా మరి, రాసినవాడెవడో గట్టివాడు. ఫోల్డర్ తెరిచి చూద్దును కదా, ఫైళ్ల నెత్తిన ఉండాల్సిన కాపీరైట్ వరుసలు మాయం. లైసెన్స్ ఫైలూ లేదు. వాటి చోట మావాడి పేరు, రోల్ నంబరు.

"ఇదేందిరా?"

"ఓపెన్ సోర్సే కదా మామా, ఫ్రీ!"

తికమకంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. కోడ్ రాసిన క్షణం నుంచీ అది రాసినవాడిదే, ఎక్కడా రిజిస్టర్ చేయించక్కర్లేదు. మన 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనల లెక్కలో వేసింది. కవిత్వాన్నీ కోడ్‌నూ ఒకే గాట కట్టారేమిటని అడక్కండి, తప్పులు రెండింట్లోనూ దొర్లుతాయి. కాబట్టి ఓపెన్ సోర్స్ అంటే దిక్కూమొక్కూ లేని కోడ్ కాదు. సొంతదారు గేటు తీసిపెట్టి, లోపలికొచ్చేవాళ్లు ఏం చెయ్యొచ్చో, ఏం చెయ్యాలో కాగితం మీద రాసి తగిలించిన కోడ్. ఆ కాగితమే లైసెన్స్.

అసలు లైసెన్సే లేకపోతే? ఏ షరతూ లేదన్నమాట అనుకుంటారు చాలామంది. సరిగ్గా తలకిందులు. గిట్‌హబ్‌లో బహిరంగంగా పెట్టాడు కాబట్టి చూడొచ్చు, ఆ సైటులోనే ఫోర్క్ చేసుకోవచ్చు, అంటే మన ఖాతాలోకి నకలు తీసుకోవచ్చు. మన ప్రాజెక్టులో కలుపుకోవడానికి మాత్రం అనుమతి లేనట్టే. బోర్డు లేనంత మాత్రాన ఇల్లు సత్రం అయిపోదు కదా.

మావాడు తెచ్చిన కోడ్‌కు ఉన్నది ఎంఐటీ లైసెన్స్. నిండా ఒక పేజీ కూడా ఉండదు. మార్చుకో, అమ్ముకో, నీ ఇష్టం అంటుంది. అడిగేది ఒక్కటే: కాపీరైట్ వరుసనూ ఈ అనుమతి పాఠాన్నీ ప్రతి కాపీలో ఉంచు. మావాడు ఏరికోరి చెరిపింది సరిగ్గా దాన్నే. అపాచీ 2.0 ఇంకొంచెం అడుగుతుంది: మార్చిన ఫైళ్లలో మార్చామని చెప్పాలి, నోటీస్ ఫైలుంటే అందులోని పేర్లను వెంట తీసుకెళ్లాలి.

జీపీఎల్ అనే లైసెన్స్ దగ్గర మాత్రం ఆగి చదవాలి. ఆ కోడ్ మీద బిల్లింగ్ ప్రోగ్రాం కట్టి నీ కొట్లో నువ్వే వాడుకుంటే ఎవరూ ఏమీ అడగరు. దాన్నే పిడుగురాళ్లలో సున్నం వ్యాపారికి అమ్మావనుకో, సోర్స్ కోడ్ కూడా ఆయనకు అందేలా చూడాలి, అదీ జీపీఎల్ కిందే. డబ్బు తీసుకోవద్దని ఎక్కడా లేదు, కోడ్ దాచుకోవద్దనే ఉంది. ఇక్కడ అసలు రచయిత పేరు ఎంత పెద్ద అక్షరాలతో వేసినా, సోర్స్ ఇవ్వకపోతే షరతు తప్పినట్టే. దండం పెట్టినంత మాత్రాన బాకీ తీరదు.

ఉచితంగా ఇచ్చినదానికి పేరు తీసేస్తే నష్టమేంటన్న వాదన అమెరికాలో కోర్టుకెక్కింది. గొడవ బొమ్మరైళ్ల సాఫ్ట్‌వేర్ మీద. రాబర్ట్ జేకబ్సన్, ఆయన తోటివాళ్లు ఉచితంగా పంచిన ఫైళ్లను కాట్జర్ అనే వ్యాపారి తన సరుకులో కలుపుకున్నాడు. రాసినవాళ్ల పేర్లు ఎగిరిపోయాయి. 2008 ఆగస్టులో అక్కడి ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తేల్చింది: పైసా తీసుకోకపోయినా షరతు షరతే, దాన్ని దాటితే కాపీరైట్ ఉల్లంఘన కావచ్చు. పల్నాడు వాళ్లకు ఈ సంగతి చెప్పడానికి అమెరికా కోర్టు దాకా పోనక్కర్లేదు. కోడిపందెంలో ఓడి ఊరు విడిచినవాళ్లు గడువు తీర్చుకొచ్చాక షరతు ప్రకారం రాజ్యభాగం ఇవ్వనన్నందుకే కదా కారెంపూడిలో నెత్తురు పారిందని పల్నాటి వీరుల కథ.

ఆ కథ పేరెత్తాను కాబట్టి ఇంకో మాట. జీన్ రోగేర్ అనే ఆయన దాన్ని ఇంగ్లీషులోకి అనువదించి 1982లో పుస్తకం వేశాడు. అది అలిశెట్టి గాలెయ్య పాడిన కథ అని అందులో పేరు పెట్టి చెప్పాడు. కథ గాలెయ్య కల్పించింది కాదు, తరతరాలది. అయినా ఆ పాట ఎవరి గొంతులోదో నమోదైంది. కోడ్‌లోనూ అంతే. పునాది వేరేవాడిది, పైన కట్టింది నీది. ఒక పేరుంటే ఇంకో పేరు పట్టదని ఏమీ లేదు.

ఫాంట్లకూ ఇదే లెక్క. మండలి, ఎన్టీఆర్, రామభద్ర ఫాంట్ల తెలుగు అక్షరాలు పురుషోత్ కుమార్ గుత్తుల చేసినవి, సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసింది, ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద. వాటితో ఫ్లెక్సీ కొడితే రూపకర్త పేరు వెయ్యక్కర్లేదు. ముప్పై మంది నాయకుల ఫొటోల మధ్య చోటెక్కడుందిలెండి. అదే ఫాంటును నీ యాప్‌లో పెట్టి పంచితే మాత్రం కాపీరైట్, లైసెన్స్ పాఠాలు వెంట ఉండాలి. ఫాంటునొక్కదాన్నే విడిగా అమ్మకూడదు.

మావాడితో చేయించిన పని చాలా చిన్నది. చెరిపిన వరుసలూ లైసెన్స్ ఫైలూ తిరిగి పెట్టించాను. వాటి కింద, ఏయే ఫైళ్లు తను మార్చాడో వాడి పేరుతో రాయించాను. రిపోర్టులో ఒక పేజీ చేర్పించాను: తీసుకున్న ప్రతి కోడ్ పేరు, రాసినవారు, లింకు, లైసెన్స్, అందులో మనం మార్చింది. ఇదంతా చాదస్తం అనుకుంటే మీ ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో లీగల్ సమాచారం అన్న చోట నొక్కి చూడండి. ఎంత తోసినా తరగని లైసెన్సుల జాబితా వస్తుంది. అంతంత కంపెనీలు పెడుతున్నాయి, మనకేం పోయింది?

రిపోర్టు బైండింగుకు ఇచ్చేలోపే ఆ పేజీ ఉందో లేదో చూసుకోండి. అట్ట వేశాక పేజీ దూర్చాలంటే బైండింగు షాపువాడు మళ్లీ డబ్బులడుగుతాడు.