నవ్వులోని ధ్వని

“కథ చదివితిని, అర్థమైనది. ఇక సిద్ధాంతమెందుకండీ?” అని ఒక విద్యార్థిని నన్నడిగినది. ప్రశ్న న్యాయమైనదే. సమాధానమును గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ కథలోనే వెదకుదము.

1910లో వెలువడిన ఆ కథలో గోపాలరావు సానుల పాట విని, అర్ధరాత్రి ఇల్లు చేరును. భార్య కమలిని కానరాదు. ఆమె ఉత్తరము మాత్రము కనబడును. అతడు పశ్చాత్తాపపడును. తుదకు మంచము క్రిందనుండి ఆమె నవ్వు వినబడును.

వాచ్యార్థమింతే: దంపతుల కలత తీరినది. కాని 9వ శతాబ్దమున కాశ్మీరములో ఆనందవర్ధనుడు, పలికిన మాటను దాటి స్ఫురించు అర్థమును ‘ధ్వని’ యన్నాడు. ఆ దృష్టితో వినినచో, భర్త నేర్పిన చదువే భర్తను దిద్దినదని ఆ నవ్వు పలుకును.

ఇదంతయు విని ఆ అమ్మాయి, “మరి కమలిని ఆ రాత్రి ఏమనుకొన్నదో కథలో లేదేమండీ?” అన్నది. స్త్రీవాద విమర్శ అడుగు ప్రశ్నయే అది! పేరు తెలియకయే ఆమె సిద్ధాంతమున ప్రవేశించినది.

ఈ చూపు కథలకే పరిమితము కాదు. నేటి నగల ప్రకటనలో వధువు నవ్వుచుండును. వాచ్యము ఆభరణము; ధ్వనియో, బంగారము లేనిదే పెండ్లికి గౌరవము లేదని. దానిని గుర్తింపని తండ్రి అప్పుచేయును.

కనుక ఉపాధ్యాయ మిత్రులారా, ముందు కథను చదివింపుడు. పిదప సిద్ధాంతమును పరీక్షకు వల్లించుటకుగాక, ప్రశ్నించుటకు నేర్పుడు.