ఆర్ భాషలో బహుళ రేఖాచిత్రాల అమరిక

ఆర్ అనేది గణాంక విశ్లేషణకు వాడే ప్రోగ్రామింగ్ భాష. దీనిని 1990వ దశకంలో న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ రూపొందించారు. ఒకే పుటలో అనేక రేఖాచిత్రాలను అమర్చడానికి ఇందులో "పార్" అనే ప్రమేయం ఉన్నది.

అమరిక

కోనసీమలోని అల్లవరం, అమలాపురం, రాజోలు, కొత్తపేట మండలాల నెలవారీ వర్షపాతాన్ని కమ్మీ రేఖాచిత్రాలతో పోల్చదలచినామనుకొందాం. పార్‌లోని "ఎంఎఫ్‌రో" పరామితికి 2 అడ్డు వరుసలు, 2 నిలువు వరుసలు అని విలువ ఇవ్వాలి. చిత్రాలు అడ్డు వరుసల క్రమంలో నిండుతాయి. అక్షరాల పరిమాణం దానంతటదే 0.83 రెట్లకు తగ్గుతుంది.

అంచులు

"మార్" పరామితి క్రింద, ఎడమ, పైన, కుడి అంచులను నిర్ణయిస్తుంది. వీటి సహజ విలువలు వరుసగా 5.1, 4.1, 4.1, 2.1 పంక్తులు. స్థలం చాలనప్పుడు అంచులు మరీ పెద్దవన్న దోష సందేశం వస్తుంది. అప్పుడు వీటిని తగ్గించాలి.

కొలమానం

నాలుగు చిత్రాలకూ "వైలిమ్" ద్వారా నిలువు అక్షంపై ఒకే కొలమానం ఇవ్వాలి. లేనిచో ప్రతి చిత్రం తన గరిష్ఠ విలువ మేరకు సాగుతుంది. తక్కువ వాన కురిసిన మండలపు కమ్మీలు కూడా మిగిలినవాటంత ఎత్తుగా కనబడి, పోలిక తప్పుదారి పడుతుంది.

పూర్వస్థితి

పార్‌తో చేసిన మార్పు ఆ చిత్రాల కిటికీని మూసేవరకు కొనసాగుతుంది. తరువాత గీసే ఒంటరి చిత్రం కూడా పుటలో నాలుగవ వంతుకే పరిమితమవుతుంది. అమరికను మార్చేటప్పుడు పార్ పాత విలువలను తిరిగి ఇస్తుంది. వాటిని ఒక చలరాశిలో భద్రపరచి, పని ముగిసిన పిదప పార్‌కే అందించాలి. సొంత ప్రమేయంలోనైతే ఈ పనిని "ఆన్ ఎగ్జిట్"కు అప్పగించాలి. మధ్యలో దోషం వచ్చి ఆగినా పూర్వస్థితి తిరిగి వస్తుంది.