పిలుపు వెనుక సమాజం

ఎనిమిదో తరగతిలో వ్యాకరణ పాఠం చెబుతున్నాను. మహత్తు, మహతి, అమహత్తు. 'అన్న వచ్చిండు, అక్క వచ్చింది, బర్రె వచ్చింది' అని నల్లబల్ల మీద రాశాను. వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచింది. "సార్, అక్కకూ బర్రెకూ ఒక్కటే మాట ఎందుకు?" అని అడిగింది. స్త్రీ వాచకాలు ఏకవచనంలో అమహత్తులతోనూ, బహువచనంలో మహత్తులతోనూ చేరుతాయని చిన్నయసూరి చెప్పినదే నేనూ వల్లించాను. అది సూత్రం. ఆ అమ్మాయి అడిగినదానికి సమాధానం కాదు.

వ్యాకరణమే స్త్రీని అణచిందని తీర్మానించడం కూడా తొందరపాటే అవుతుంది. తమిళంలో స్త్రీకి విడిగా క్రియారూపం ఉంది. అంతమాత్రాన అక్కడి స్త్రీకి విడిగా స్వేచ్ఛ దక్కలేదు. కాబట్టి కారణాన్ని భాషలో కాక, భాష నడిచే సమాజంలో వెతకాలి.

నిజాం కాలంనాటి నల్లగొండ పల్లెను తీసుకుందాం. దొర ఇంటి పసివాడు ముసలి జీతగాణ్ణి 'ఒరే' అని పిలిచేవాడు. అదే ఇంట్లో దొరసానిని ఏకవచనంలో పిలిచే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. అంటే పిలుపును నిర్ణయించినది ఆడా మగా అన్న భేదం ఒక్కటే కాదు. భూమి ఎవరిది, వెట్టి ఎవరిది, కులం ఏది అన్నవి కూడా కలిసి నిర్ణయించాయి. దొరల ఇళ్ళ స్త్రీలకు ఘోషా ఉండేది. వెట్టి కులాల స్త్రీలకు ఎండలో నాట్లు, కలుపులు ఉండేవి. దొర కూతురికి పెళ్ళయితే ఆమె వెంట ఒక పేదింటి పిల్లను 'ఆడబాప'గా అత్తవారింటికి పంపేవారు. సిగ్గు, సుకుమారం స్త్రీకి పుట్టుకతో వచ్చే గుణాలైతే అవి ఆ పల్లకిలో కూర్చున్న పిల్లకూ, వెంట నడిచిన పిల్లకూ సమానంగా రావాలి కదా! ఒకరిలో వాటిని పెంచారు. మరొకరిలో వాటికి చోటే లేకుండా చేశారు.

1949లో ఫ్రాన్సులో సిమోన్ ది బోవా స్త్రీత్వం ప్రకృతి ఇచ్చినది కాదనీ, సమాజం తయారు చేసినదనీ వాదిస్తూ గ్రంథం రాసింది. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే మన జిల్లాలో ఆ సంగతి ఆచరణలో రుజువవుతున్నది. కర్విరాల కొత్తగూడెం భూస్వామి కుటుంబంలో పుట్టిన మల్లు స్వరాజ్యం తుపాకీ పట్టి, దళంలో 'రాజక్క' అయింది. అప్పట్లో నల్లగొండ జిల్లాలో ఉన్న పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ తన పంట మీదికి వచ్చిన విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులకు ఎదురు నిలిచింది. సంఘం ఆమెకు అండగా నిలిచింది. ఘోషా చాటున ఉండవలసిన పిల్ల, వంగి దండం పెట్టవలసిన స్త్రీ, ఇద్దరూ కొద్ది సంవత్సరాలలో వేరే మనుషులయ్యారు. వారి శరీరాలు మారలేదు. చుట్టూ ఉన్న సంబంధాలు కదిలాయి, వాటితో పాటు వారూ కదిలారు.

అయితే ఈ కథను ఇక్కడితో ఆపడం మన అభ్యుదయ సాహిత్యానికి అలవాటైన పొరపాటు. 1951లో పోరాట విరమణ జరిగింది. తర్వాత ఏమైంది? స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆ స్త్రీలే దాన్ని చెప్పుకున్నారు. అడవిలో కన్నబిడ్డను ఉద్యమం కోసం ఇతరుల చేతిలో పెట్టిన కమలమ్మ వారిలో ఒకరు. పోరాటం ముగిశాక తమను తిరిగి ఇంటికీ పొయ్యి దగ్గరికీ పొమ్మన్నారన్న బాధ అందులోని పలువురి మాటల్లో వినిపిస్తుంది. భూమి ప్రశ్నను ఉద్యమం ముందుకు తెచ్చింది. ఇంటి ప్రశ్నను వెనక్కి పెట్టింది. ఆర్థిక సంబంధాలు మారితే తక్కినవన్నీ వాటంతటవే మారుతాయని నమ్మిన మనం ఈ గ్రంథం ముందు కొంచెం ఆగి ఆలోచించాలి. ఇల్లు కూడా ఒక ఉత్పత్తి స్థలమే. అక్కడి చాకిరీకి లెక్క లేదు, విరామం లేదు.

పేరు సంగతీ చూడాలి. ఆమె ఇంటిపేరు చిట్యాల. లోకం ఆమెను ఎరిగింది 'చాకలి ఐలమ్మ'గా. ఊరు ఇచ్చిన పేరులో కులం ముందు, మనిషి తర్వాత. 1985లో ఆమె మరణించింది. 2024లో కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. చిన్నచూపుతో పుట్టిన పిలుపు గౌరవంగా మారింది. దాన్ని మార్చినది పాలకుర్తి పొలం దగ్గర జరిగిన పెనుగులాట. కాని ఆమె విగ్రహానికి దండ వేసి ఇంటికి పోయి, బట్టలు తీసుకుపోయే స్త్రీని 'ఏమే' అని పిలిస్తే ఆ గౌరవం రాతికి చేరినట్టే గాని మనిషికి చేరినట్టు కాదు.

రచయితలకు నా మనవి ఇది. మన కథల్లో స్త్రీ అయితే కన్నీళ్ళు పెట్టే తల్లి, కాకుంటే జెండా ఎత్తే వీరనారి. ఆ రెంటి మధ్య ఆమె ఏ పని చేసింది, ఆ కూలి ఎవరి చేతికి పోయింది, ఆమెను ఎవరు ఏమని పిలిచారు, ఆమె ఎప్పుడు బదులు పలకడం మానేసింది అన్నవి రాయాలి. వ్యక్తిత్వం అక్కడే తయారవుతుంది.

ఈ మాటలు చెప్పే అర్హత నాకు పూర్తిగా ఉందని అనుకోను. ఆ రోజు పాఠం అయ్యాక, అలవాటు చొప్పున, "అమ్మాయిలూ, గది ఊడ్వండి. అబ్బాయిలూ, బెంచీలు జరపండి" అన్నాను. ప్రశ్న అడిగిన పిల్లే చీపురు తీసుకుంది. సూత్రం చిన్నయసూరిది కావచ్చు. ఆ చీపురు ఆమె చేతికి ఇచ్చినది మాత్రం నేనే. మరునాటి నుంచి రెండు పనులకూ వంతులు వేశాను. మొదటి వారం మగపిల్లలు నవ్వారు. రెండో వారం ఊడ్చారు.